విలియం కేరీగారి చలింపని విశ్వాసము

సుఖదినములలో దేవుని నమ్ముట సులభము. ఏండ్ల తరబడి చేసిన పని ఒక్క రాత్రిలో నాశనమైనపుడు గూడ నమ్మిక విడువక, మరల మొదటినుండి ఆ పనికే పూనుకొనుట మిక్కిలి కష్టము. అట్లు చేసి చూపిన విలియం కేరీగారి చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

కేరీగారు 1761వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమందలి పాలర్స్‌పరీ యను గ్రామమున నొక నేతపనివాని యింట జన్మించిరి. బాల్యముననే చెప్పులు కుట్టు పనికి కుదిరి, ఆ పని చేయుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను నేర్చిరి. 1793లో సువార్త ప్రకటింపగోరి కుటుంబముతో ఓడయెక్కి నవంబరు నెలలో కలకత్తా చేరిరి. వారి భార్యయగు డొరతీగారికి ఈ ప్రయాణము మొదట నిష్టము కాదు. తెచ్చిన సొమ్ము త్వరలోనే వ్యయమైపోగా, కుటుంబపోషణకై కేరీగారు ఉత్తర వంగదేశమందలి మద్నాబతిలో నీలిమందు కార్ఖానా విచారణకు కుదిరిరి. అచ్చట 1794లో ఐదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. ఆ దుఃఖము తరువాత డొరతీగారికి మతి చలించెను. 1807లో కన్నుమూయువరకు స్వస్థత కలుగలేదు. భర్త కీర్తిని జెప్పుకొనునపుడు ఆ యిల్లాలు పడిన బాధను మరచుట న్యాయము కాదని మా యభిప్రాయము. దేవుని నమ్మినవారి యింట దుఃఖము ప్రవేశింపదని యెవ్వరును దలంపరాదు.

1800 జనవరిలో కేరీగారు డేనిషువారి యేలుబడిలోనున్న శ్రీరామపురము చేరి, మార్ష్‌మన్, వార్డు గారలతో గలిసి ముద్రణాలయమును నడపసాగిరి. ఏడేండ్ల బోధకు తొలిఫలముగా ఆ డిసెంబరులో కృష్ణపాలు అను వడ్రంగి బాప్తిస్మము పొందెను.

1812 మార్చి 11వ తేది సాయంకాలమున ఆ ముద్రణాలయమునకు నిప్పంటుకొనెను. కేరీగారు అప్పుడు కలకత్తాలో నుండిరి. మరునాడు మార్ష్‌మన్‌గారు పోయి ఆ వార్త దెలిపిరి. కాగితములు, అనేక భాషల అచ్చు అక్షరములు, వ్రాతప్రతులు భస్మమయ్యెను. కేరీగారు వ్రాసిన తెలుగు వ్యాకరణము గూడ అందే కాలిపోయెను. పలుభాషల పదములను గూర్చి వారు కూర్చుచుండిన మహానిఘంటువును దక్కలేదు.

కేరీగారు దుఃఖించిరి గాని, దేవునిపై నిష్ఠురమాడలేదు. ఒకసారి నడచిన త్రోవను రెండవమారు మరింత నిశ్చయముగా నడువవచ్చునని వారు తలంచిరి. అచ్చుయంత్రములును, అక్షరములను పోతపోయు మూసలును మంటలకు దప్పియుండెను. పనివారు కరగి ముద్దయైన లోహమును దీసి మరల అక్షరములు పోసిరి. కొన్ని వారములలోనే ముద్రణ సాగెను. బ్రిటనులోని మిత్రులు చందాలు పంపి నష్టమును దీర్చిరి.

అయితే కాలిన వ్రాతలను చందాలతో కొనలేము గదా! కేరీగారు మరల కలము పట్టిరి. బూడిదయైన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చుపడి వెలువడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధనము గూడ శ్రీరామపురమునుండియే వెలువడెను. ఆ యేటనే శ్రీరామపుర కళాశాల స్థాపింపబడెను. కేరీగారు 1834 జూన్ 9వ తేదిన అచ్చటనే పరలోకగతులైరి.

విద్యార్థులారా! పరీక్ష తప్పినపుడో, ఇంట కష్టము వచ్చినపుడో మీకును నిరాశ కలుగవచ్చును. అప్పుడు ఆ కాలిన వ్యాకరణమును దలచుకొనుడు. దేవుని నమ్ముట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట గాదు. ఆయనపై భారము వేసి, పోయిన పనిని మరల మొదటి పుటనుండి యారంభించుట. ఇట్టి విశ్వాసము మన పాఠశాల బాలబాలికలందరకును గలుగుగాక యని ప్రార్థించుచున్నాము.