పేరుకు నెయ్యి, డబ్బాలో నూనె: గాంధీజీ ఆక్షేపణ

మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ 1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో జన్మించారు. లండన్‌లో న్యాయవిద్య అభ్యసించిన నాటి నుంచీ ఆహార ప్రయోగాలు ఆయన జీవితంలో భాగమయ్యాయి. పాలు తాగనని వ్రతం పూనిన ఆయన, తీవ్ర అనారోగ్యం వల్ల మేకపాలకు అంగీకరించారు. వ్రతంలోని అక్షరాన్ని నిలుపుకున్నా, అంతరార్థాన్ని విడిచానన్న వేదన ఆయనను వీడలేదు.

1946లో ఢిల్లీ వాల్మీకి బస్తీలో బస చేసిన గాంధీజీ, ఆ ఏడాది 'హరిజన్' పత్రికలో వనస్పతిని విమర్శించారు. నూనెకు హైడ్రోజన్ చేర్చి గట్టిపరచిన ఆ పదార్థం వెజిటబుల్ ఘీ పేరిట చలామణి అయ్యేది. నెయ్యిని పోలిన రూపంతో అమ్మడం ప్రజలను వంచించడమేనని ఆయన భావించారు. అసలు నెయ్యిలో వనస్పతి కల్తీ కూడా అప్పటి సమస్యే.

1948 జనవరి 30న బిర్లా హౌస్‌లో ఆయన హత్యకు గురయ్యారు. 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం వచ్చింది. దాని కింద రూపొందిన ప్రమాణాలు వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలన్నాయి. నెయ్యిలో వనస్పతి కలిస్తే, ఆ నువ్వుల నూనె కారణంగా రసాయన పరీక్షలో ఎరుపు రంగు తేలేది.

నేటి ప్యాకెట్లపై పదార్థాల జాబితా పరిమాణాన్ని బట్టి అవరోహణ క్రమంలో ఉంటుంది. ముందువైపు పెద్ద అక్షరాల పేరు చెప్పని నిజం తరచూ ఆ జాబితాలోనే దొరుకుతుంది.