ఒక్క ఓటు తక్కువైన శామ్యూల్ టిల్డెన్

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చాయంటే హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా మన ఇళ్ళలో ఆ మాటే నడుస్తుంది. పిల్లలు అక్కడ స్థిరపడినవారైతే ఫలితం తేలేదాకా టీవీ ముందు నుంచి లేవరు. ఎక్కువ ఓట్లు వచ్చినవారు ఎలా ఓడిపోతారని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. అందుకే ఈసారి శామ్యూల్ టిల్డెన్ గురించి చెప్పుకుందాం.

టిల్డెన్ 1814లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ లెబనాన్‌లో పుట్టారు. తండ్రికి ఒక దుకాణం ఉండేది. చిన్నతనం నుంచీ ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో చదువు సవ్యంగా సాగలేదు. అయినా లాయరై, రైల్వే కంపెనీల వ్యవహారాలు చూస్తూ బాగా సంపాదించారు. పెళ్ళి చేసుకోలేదు. గొప్ప వక్త కాదు. ఆయన బలమంతా లెక్కల్లోనే ఉండేది.

అప్పట్లో న్యూయార్క్ నగరాన్ని ట్వీడ్ అనే నాయకుడి ముఠా దోచుకుంటోంది. ట్వీడ్ కూడా టిల్డెన్ పార్టీవాడే, అంటే డెమొక్రాట్. 1871లో టిల్డెన్ బ్యాంకు ఖాతాలు ముందేసుకుని, నగరం సొమ్ము ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళిందో వరసగా తేల్చారు. ఆ పేరుతోనే 1874లో న్యూయార్క్ గవర్నర్‌గా గెలిచారు. 1876లో డెమొక్రటిక్ పార్టీ ఆయనను అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టింది. రిపబ్లికన్ల తరఫున ఒహాయో గవర్నర్ రూథర్‌ఫర్డ్ హేస్ పోటీ చేశారు.

టిల్డెన్‌కు సుమారు 43 లక్షల ఓట్లు, హేస్‌కు 40 లక్షల పైచిలుకు వచ్చాయి. కానీ అక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది నేరుగా ప్రజలు కాదు, ఎలక్టర్లు. ప్రతి రాష్ట్రానికీ ప్రతినిధుల సభలో ఎంతమంది సభ్యులుంటే అంతమంది, సెనేటర్ల లెక్కన ఇంకో ఇద్దరు ఎలక్టర్లు ఉంటారు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చిన పార్టీకే ఎలక్టర్లందరూ దక్కుతారు. ఆ ఏడాది కొత్తగా రాష్ట్రమైన కొలరాడోలో అయితే ప్రజల ఓటింగే జరగలేదు. శాసనసభ తేల్చిన 3 ఎలక్టోరల్ ఓట్లు హేస్‌కు వెళ్ళాయి.

మొత్తం 369 ఎలక్టోరల్ ఓట్లలో గెలవడానికి 185 కావాలి. టిల్డెన్‌కు 184 ఖాయమయ్యాయి, హేస్‌కు 165. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినా, ఒరెగాన్‌లలో కలిపి 20 ఓట్లు వివాదంలో పడ్డాయి. దక్షిణాది రాష్ట్రాల నుంచి రెండు పార్టీలూ వేర్వేరు ఫలితాలు పంపాయి. ఏది సరైనదో ఎవరు తేల్చాలన్నది రాజ్యాంగంలో స్పష్టంగా లేదు.

1877 జనవరిలో కాంగ్రెస్ 15 మందితో ఒక కమిషన్ వేసింది. రెండు పార్టీలకు ఏడుగురు చొప్పున, ఏ పార్టీకీ చెందని న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ ఒకరు ఉండాలన్నది ఆలోచన. అంతలో ఇల్లినాయి శాసనసభ డేవిస్‌ను సెనేట్‌కు ఎన్నుకుంది. ఆయన తప్పుకున్నారు. ఆ స్థానంలో వచ్చిన న్యాయమూర్తి బ్రాడ్లీ రిపబ్లికన్. వివాదంలో ఉన్న 20 ఓట్లూ 8-7 తేడాతో హేస్ ఖాతాలో పడ్డాయి. మార్చి 2 తెల్లవారుజామున ఫలితం ప్రకటించారు: 185-184. ఇతరుల లెక్కలు తేల్చి పైకి వచ్చిన మనిషి చివరికి లెక్కలోనే ఓడిపోయారు.

అంతర్యుద్ధం ముగిసి పుష్కరకాలమైనా గడవలేదు. మళ్ళీ ఆయుధాలు పట్టాలన్న కేకలు వినిపించాయి. టిల్డెన్ వాటికి చోటివ్వకుండా ఇంటికి వెళ్ళిపోయారు. సగానికి మించి ప్రజల ఓట్లు వచ్చీ అధ్యక్షుడు కాలేకపోయినవారు ఇప్పటికీ ఆయనొక్కరే.

అలాగని ఆయన పక్షాన్ని కడిగిన ముత్యమని మేము అనడం లేదు. వివాదం నడుస్తుండగా ఆయన మనుషులు ఓట్లు కొనడానికి బేరాలాడారని 1878లో సంకేత భాషలోని తంతి సందేశాలు బయటపెట్టాయి. తనకేమీ తెలియదన్నారు టిల్డెన్. దక్షిణాదిలో నల్లజాతివారిని ఓటు వేయనీయకుండా కొట్టి, చంపి భయపెట్టినవారు ఆయన పార్టీ మద్దతుదారులే.

అసలు నష్టపోయినదీ ఆ నల్లజాతివారే. ఫలితాన్ని ఒప్పుకోవడానికి డెమొక్రాట్లు కోరిన వాటిలో సైన్యం ఉపసంహరణ ఒకటి. 1877 ఏప్రిల్‌లో సౌత్ కరోలినా, లూసియానా ప్రభుత్వ భవనాల దగ్గర కాపలా ఉన్న కేంద్ర సైనికులు వెనక్కి వెళ్ళిపోయారు. 1870లో రాజ్యాంగం ఇచ్చిన ఓటు హక్కు అక్కడ చాలావరకు కాగితం మీదే మిగిలింది. అది నిజంగా చేతికి రావడానికి 1965 నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. రెండు పార్టీలూ రాజీ కుదుర్చుకున్నాయి గానీ, ఎవరి భవిష్యత్తు మీద కుదుర్చుకున్నాయో వారిని అడగలేదు.

టిల్డెన్ 1886 ఆగస్టు 4న కన్నుమూశారు. ఆస్తిలో అధిక భాగాన్ని ఉచిత గ్రంథాలయానికి రాశారు. బంధువులు కోర్టుకెక్కగా మిగిలిన సొమ్ముతోనే, మరో రెండు గ్రంథాలయాలు కలిసి, 1895లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఏర్పడింది. ఎలక్టోరల్ ఓట్ల లెక్కింపుపై చట్టం ఆయన పోయిన మరుసటి ఏడాది, 1887లో వచ్చింది.

పొరుగు భాషల నడుమ తరతరాలుగా బతుకుతున్న మనకు తక్కువ సంఖ్యలో ఉండటమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. ఓటర్ల జాబితాలో మన పేరుందో లేదో, జనాభా లెక్కల్లో మాతృభాష గడిలో తెలుగు అని రాశారో లేదో చూసుకోవలసింది మనమే. లెక్క ముగిశాక అడిగితే వినేవారుండరు.