ఉప్పు వేసిన మాట

కొలొస్సీయులకు వ్రాసిన లేఖ చివరలో పునీత పౌలుగారు ఒక హితవు చెబుతారు. మన మాటలో దయ ఉండాలట, కూరలో ఉప్పులా రుచీ ఉండాలట. ఈ హితవు చెప్పే నాటికి ఆయన సంకెళ్ళలో ఉన్నారు. కట్లలో ఉన్న మనిషికి అంత మెత్తని మాట ఎలా వచ్చింది? దీనికి సమాధానం వెదుకుతూ మనం రోము దాకా వెళ్ళనక్కరలేదు. మన పల్నాటి వినుకొండ చాలు.

గుఱ్ఱం జాషువగారు 1895 సెప్టెంబరు 28న అక్కడ పుట్టారు. తండ్రి వీరయ్యగారు యాదవులు, తల్లి లింగమ్మగారు మాదిగ కులస్థురాలు. క్రైస్తవ కుటుంబం. ఆయన మన కతోలిక సభ బిడ్డ కాదు, ప్రొటెస్టంటు సంఘంలో పెరిగారు. అయినా మనం నేర్చుకోవలసింది ఆయన దగ్గర చాలా ఉంది.

చిన్ననాడే పద్యం ఆయనను పట్టుకుంది. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఈ కులంవాణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు పెద్దలు లేచారు. పోనీ, మనవాళ్ళయినా కడుపులో పెట్టుకున్నారా? హిందూ పురాణాలు చదువుతున్నాడు, వాటి మీద వ్రాస్తున్నాడు అని క్రైస్తవ పెద్దలు ఆయన కుటుంబాన్ని వెలివేశారు. అక్కడ కులం తలుపు మూసింది, ఇక్కడ మతం తలుపు మూసింది. ఆయన కొంతకాలం నాస్తికత్వం వైపు మొగ్గారని కూడా అంటారు. అందుకు తప్పు ఆయన మీదే మోపడానికి నాకు నోరు రావడం లేదు.

బ్రతుకుదెరువు కోసం ఆయన ఎన్నో పనులు చేశారు. రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చదివి వినిపించారు. గుంటూరులో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, గుడిలో అడుగు పెట్టనివ్వని ఒక పేదవాడు తన గోడు కాశీలోని శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అశుభమని మనం తరిమే ఆ పిట్టకు గర్భగుడిలో చోటుంది, మనిషికి లేదు! ఆ మాట ఎంత ఘాటుగా ఉందో చూడండి. అయినా అందులో తిట్టు లేదు. వెలివేసినవారి ఇళ్ళలోనే ఆ పద్యాలు చదువుకున్నారు. శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు, బ్రాహ్మణులు, స్వయంగా వంగి ఆయన కాలికి గండపెండేరం తొడిగారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక గ్రామంలో సమాధుల స్థలం దగ్గర రెండు కులాల విశ్వాసులు తగువు పడ్డారు. ఆదివారం పూజలో నేను ప్రసంగపీఠం ఎక్కి గట్టిగా చీవాట్లు పెట్టాను. చెప్పింది న్యాయమే. కాని నాలుగు నెలలు ఒక వర్గం గుడి మెట్టు ఎక్కలేదు. నాలో ఉన్నది స్వేచ్ఛ కాదు, కోపం. కోపానికి దాసుడైనవాడు నిజం చెప్పినా అది రాయిలా తగులుతుంది. అదే మాటను జాషువగారు స్మశానం మీద పద్యాలలో చెప్పారు. రాజూ పేదా, అంటరానితనమూ అన్నీ అక్కడ మాసిపోతాయని. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో నటులు ఆ పద్యాలు అందుకుంటే, పగలంతా కులం పట్టింపుతో తిరిగినవారు కూడా రాత్రి కళ్ళు తుడుచుకుంటూ వన్స్ మోర్ అనేవారు.

మెత్తగా మాట్లాడడమంటే తల వంచుకుని ఊరుకోవడం అని మనలో చాలామంది అనుకుంటారు. ఆయన ఒక్కనాడూ ఊరుకోలేదు. తనను కించపరచినవాడి భాషను మాత్రం తన నోట్లోకి రానివ్వలేదు.

క్రీస్తు పేరు చెప్పి తనను వెలివేసిన సమాజానికి, అరవై ఏళ్ళు దాటాక ఆయన 'క్రీస్తు చరిత్ర' వ్రాసి ఇచ్చారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1971 జూలై 24న ఆయన కన్నుమూశారు. మీ విచారణ గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉందేమో ఒకసారి చూడండి. మా విచారణలో లేదు, ఈ మధ్యనే తెప్పించాను.