పొలము గట్టు: ఆచార్య రంగా స్వాతంత్ర్య దృష్టి

గుంటూరు మండలమందలి నిడుబ్రోలు గ్రామమున, 1900 నవంబరు 7వ తేదీన, ఒక కర్షక కుటుంబమున గోగినేని రంగనాయకులు జన్మించిరి. ఆక్స్‌ఫర్డులో విద్య ముగించి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. పదవి విడిచినను ఆచార్య శబ్దము మాత్రము వారి పేరును విడువలేదు. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. స్వగ్రామమున రైతు విద్యాలయము నెలకొల్పిరి. జమీందారీల రద్దుకై ఊరూర తిరిగిరి. 1936లో వెలసిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో వారొకరు.

ఇట్టి నాయకుడు కాంగ్రెసును వీడుటకు కారణము రైతు పొలము గట్టు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార ఉమ్మడి సేద్యమును ఆదర్శముగా తీర్మానించెను. చిన్న కమతములు విడివిడిగా నున్నంతకాలము పేదరికము తొలగదనియు, కలిసి దున్నినచో అందరికిని మేలు కలుగుననియు నెహ్రూ విశ్వాసము. యాజమాన్యపు హక్కు పోదని కాంగ్రెసు పక్షము అభయమిచ్చెను. గట్టు చెరిగిన పిదప ఆ హక్కు కాగితముపై మాత్రమే మిగులుననియు, రైతు తన పొలమున తానే కూలివాడగుననియు రంగాగారి భయము. ఆ ఏడే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి, దానికి తొలి అధ్యక్షులైరి.

ఈ వివాదము ప్రపంచమునకు క్రొత్త కాదు. అమెరికా రాజ్యము పుట్టిన తొలినాళ్లలో, సొంత నేల దున్నుకొను రైతే స్వేచ్ఛకు కావలియని జెఫర్సన్ పక్షము నమ్మెను. బలమైన కేంద్ర ప్రభుత్వము, బ్యాంకు, పరిశ్రమలు జాతికి ఆధారములని హామిల్టన్ పక్షము వాదించెను. రంగాగారి రైతు జెఫర్సన్ రైతుకు దగ్గరి చుట్టము. అయితే ఒంటరివాడు కాడు. ఆలుబిడ్డలతో కూడిన కుటుంబమే వారి దృష్టిలో వ్యక్తి.

కాని జెఫర్సన్ పొలమును దున్నినవారు బానిసలు. సెంటు భూమియైన లేని కూలికి ఆస్తి స్వాతంత్ర్యము ఏమి ఒరగబెట్టునను ప్రశ్న తెలుగునాటను ఎదురయ్యెను. పైగా జమీందారులతో పోరాడిన రంగాగారు, క్రొత్త పార్టీలో సంస్థానాధీశుల ప్రక్కనే కూర్చుండవలసి వచ్చెను. ఆ చిక్కు వారిని తుదివరకు వదలలేదు.

1962లో తెనాలిలో వారు ఓడిరి. పిదప చిత్తూరు ఉపయెన్నికలో గెలిచి లోక్‌సభకు మరలిరి. 1964లో రైత్వారీ భూములను కూడ భూసంస్కరణ చట్టముల రక్షణ పరిధిలోనికి తెచ్చిన పదునేడవ రాజ్యాంగ సవరణను ఎదిరించిరి. 1967లో 44 స్థానములతో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమయ్యెను. 1971లో ఆ బలము కరగిపోయెను. తరువాత రంగాగారు కాంగ్రెసుకే మరలివచ్చి, 1980 మొదలు మూడు పర్యాయములు గుంటూరునుండి గెలిచిరి. 1995 జూన్ 9న కన్నుమూసిరి.

హైదరాబాదు రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయము కొంతకాలము వారి పేర నడచెను; రాష్ట్ర విభజన పిదప ఆ పేరు ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయమునకు నిలిచెను. వారు భయపడిన ఉమ్మడి సేద్యము దేశమున వేళ్లూనలేదు. పొలము గట్లు నిలిచినవి. గట్టు లోపల భూమి లేనివాని ప్రశ్నయు అట్లే నిలిచినది.