ఒకే నేల: తాళ్లపాక అన్నమాచార్యుడు

తాళ్లపాక అన్నమాచార్యుడు 1408వ సంవత్సరమున రాజంపేట సమీపమునగల తాళ్లపాక గ్రామమున జన్మించెను. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. బాల్యముననే ఇల్లు విడిచి తిరుమల చేరి, ఘనవిష్ణువను వైష్ణవ గురువు వలన దీక్ష గైకొనెను. 1424లో, పదునారవ యేట, పదరచన ఆరంభించి 1503లో పరమపదించు వరకు సాగించెను. ఆయన సంకీర్తనలు 32 వేలని ప్రసిద్ధి.

నాటి పల్లెలలో ఎవరు ఎచ్చట ఇల్లు కట్టుకొనవలెనో పుట్టుకయే నిర్ణయించెడిది. గుడి చెంత అగ్రహారము, దానికి వెలుపల రైతుల ఇండ్లు, చేతిపనివారి ఇండ్లు; ఊరికి ఎడముగా మాలపల్లె, మాదిగపల్లె. బావియు వేరే. అన్నమయ్య బ్రాహ్మణ కుటుంబమున పుట్టినవాడు. ఈ కట్టడి వలన ఆయనకు కలిగిన కొరత ఏమియు లేదు.

అట్టివాడు పరబ్రహ్మము ఒక్కటియేయని ఒక కీర్తన రచించెను. అందు రాజునకును సేవకునకును నిద్రలో భేదము లేదని తెలిపి, పిమ్మట నేల మాట ఎత్తుకొనెను. గొప్ప విప్రుడు నడచు చోటును, చండాలుడు కాపురముండు చోటును ఒకే భూమియని చాటెను. భక్తికి కులము లేదన్నవారు ఆయనకు ముందును కలరు. కాపురముండు నేలను గూర్చి పలుకుటయే ఇచ్చటి విశేషము. ఉత్సవమున ఒక దినము చేయి కలుపుట సులభము. పొరుగున ఇంటిచోటు ఇచ్చుట కష్టము.

సాళువ నరసింహుడు తనపై పదము చెప్పుమని కోరగా నిరాకరించి ఆయన సంకెలల పాలయ్యెనని మనుమడు చిన్నన్న రచించిన చరిత్ర తెలుపుచున్నది. రాజునకు వెరవని ఆ కవికి ఊరి కట్టడిని మార్చు అధికారము మాత్రము లేదు. ఆయన చేతనున్నది పాట ఒక్కటే. ఆ పాటలను కుమారుడు పెదతిరుమలాచార్యుడు రాగిరేకులపై చెక్కించెను. అవి తిరుమల ఆలయమున చిరకాలము మరుగుపడి, ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచెను. దొరికినవి సగమునకు తక్కువ. ఈ కీర్తన మిగిలెను. వేరుపడిన వాడలును మిగిలెను.

అమెరికా నగరములలో నల్లవారికి ఇల్లు అమ్మరాదను షరతులను దస్తావేజులలోనే వ్రాసికొనెడివారు. న్యాయస్థానములు వానిని అమలుపరుపరాదని 1948లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మన పల్లెలకు అట్టి కాగితము అవసరమే లేకపోయెను, ఆచారమే చాలెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. అయినను నేటికిని చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు ఊరి పేరునకు హరిజనవాడ, ఆది ఆంధ్రవాడ, అరుంధతివాడ అను మాటలు చేర్చి పిలువబడు నివాసములు విడిగానే ఉన్నవి.

బడిలో ఈ కీర్తన పాడించు ఉపాధ్యాయులు, పాట ముగిసిన పిమ్మట పిల్లలచేత తమ ఊరి పటమును గూడ గీయించిన యెడల, అన్నమయ్య ఏ నేలను గూర్చి చెప్పెనో వారికి బోధపడును.