పారిస్‌లో సుబేదార్.. బీదర్‌లో ఖైదీ! బందరును రాసిచ్చేసిన సలాబత్ జంగ్ కథ ఇదీ

ఒకే పీఠం.. నేనంటే నేనని ఇద్దరు! యూరప్‌లో 1378 నుంచి దాదాపు 40 ఏళ్లు క్యాథలిక్ చర్చిది ఇదే పరిస్థితి. ఒక దశలో ఏకంగా ముగ్గురు పోప్‌లు. ఏ రాజ్యం ఎవరిని గుర్తిస్తే అక్కడ వాళ్లే అసలు పోప్. 18వ శతాబ్దంలో మన దక్కన్‌లోనూ ఇలాంటి సీనే నడిచింది. ఆ గొడవలో చేతులు మారింది మన బందరే.

1748లో మొదటి నిజాం చనిపోయాడు. రెండో కొడుకు నాసిర్ జంగ్ గద్దెనెక్కాడు. కాదు, హక్కు నాదేనని కూతురి కొడుకు ముజఫర్ జంగ్ అడ్డం తిరిగాడు. నాసిర్ వెనక ఇంగ్లీష్ వాళ్లు, ముజఫర్ వెనక ఫ్రెంచ్ వాళ్లు చేరారు. 1750లో ఫ్రెంచ్ వాళ్లు మచిలీపట్నాన్ని ఆక్రమించేశారు. అదే డిసెంబర్‌లో నాసిర్‌ను సొంత పక్షంలోని పఠాన్ నవాబే కాల్చి చంపాడు. రెండు నెలలు తిరక్కుండానే కడప ప్రాంతంలో ముజఫర్ కూడా హతమయ్యాడు.

కుర్చీ ఖాళీ అయింది. అదే శిబిరంలో ఉన్న నిజాం మూడో కొడుకు సలాబత్ జంగ్‌ను ఫ్రెంచ్ సేనాని బుస్సీ అక్కడికక్కడే సుబేదార్‌ను చేసేశాడు. 1752లో పెద్దన్న ఘాజీయుద్దీన్ ఢిల్లీ నుంచి ఫర్మానాతో దిగాడు. ఔరంగాబాద్‌లో ఉండగానే చనిపోయాడు. విషం పెట్టారంటారు. ఆ మరుసటి ఏడాదే ఫ్రెంచ్ సైన్యం ఖర్చుల కోసం శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్లు బుస్సీ చేతికి వెళ్లాయి. కుర్చీ సలాబత్‌ది, శిస్తు ఫ్రెంచ్ వాళ్లది అన్నమాట.

1758లో బుస్సీని పైవాళ్లు వెనక్కి పిలిపించారు. అంతే, సీన్ రివర్స్! కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీష్ సైన్యం బందరు కోట మీదికి వచ్చింది. ఫ్రెంచ్ వాళ్లను ఆదుకోవడానికి సలాబత్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చాడు. మరోవైపు జీతాల్లేక ఫోర్డ్ సైనికులే తిరగబడ్డారు. అయినా ఆయన ఆగలేదు. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి దాడి మొదలైంది. అందులో ఒక దళం కోట చుట్టూ ఉన్న బురదలో దిగి నడిచింది. తెల్లారేసరికి కోట ఇంగ్లీష్ వాళ్లదైంది.

అప్పటికే వెనక తమ్ముడు నిజాం అలీ హైదరాబాద్ వైపు కదులుతున్నాడు. దాంతో సలాబత్ చేతులెత్తేశాడు. మే 14న మచిలీపట్నం సర్కార్‌ను, దివిసీమకు పడమరన ఉన్న నిజాంపట్నాన్ని ఇంగ్లీష్ వాళ్లకు ఇనాంగా రాసిచ్చాడు. తమ్ముడి మీద యుద్ధానికి సాయం అడిగితే ఫోర్డ్ ఒప్పుకోలేదు. ఇంత ఇచ్చి ఉత్త చేతులతో వెనక్కెళ్లడం చూస్తే జాలేస్తుంది.

1762లో తమ్ముడు ఆయన్ను దించేసి బీదర్ కోటలో పెట్టాడు. అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. 1763 ఫిబ్రవరిలో పారిస్ ఒప్పందం కుదిరింది. దక్కన్‌కు చట్టబద్ధమైన సుబేదార్ సలాబత్ జంగేనని ఇంగ్లండ్, ఫ్రాన్స్ అందులో రాసుకున్నాయి! ఆ సమయానికి ఆయన ఖైదీ. ఆ సెప్టెంబర్‌లోనే బీదర్‌లో ఆయన్ను చంపేశారు.

నిజాం అలీ 1803 దాకా ఏలాడు. ఉత్తర సర్కార్లను 1766లో ఇంగ్లీష్ కంపెనీకి ఒప్పగించింది కూడా ఆయనే.