కావలివాడు పీటర్ తంగరాజ్

జొన్నచేను పాలుపట్టు దినములలో మంచెమీద కూర్చుండు కావలివానిని మన పల్లెలలో చూడని వారుండరు. దున్నినవాడు ఒకడు, విత్తినవాడు ఒకడు, కలుపు తీసినవారు పలువురు. అయితే పిట్టల గుంపు దిగు వేళ వాడొక్కడే ఒడిసెల చేతబట్టి లేచి నిలువవలెను. దినమంతయు పిట్టలను తోలినందుకు వానిని మెచ్చుకొనువారు లేరు. ఒక్క గడియ కునికెనా, ఖాళీ కంకులు లెక్కబెట్టి చూపువారు మాత్రము కలరు. ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపరు పని సరిగా ఇట్టిదే. ఈ నెల మేము చెప్పబూనినది ఆ కావలి పనిలో మన దేశమునందే గాక ఆసియా ఖండమంతట పేరు పొందిన ఒక మనుష్యుని జీవితము. ఆయన పేరు పీటర్ తంగరాజ్. పీటర్ అనగా మనము బైబిలులో చదువు పేతురే.

ఈ ఆట ఎరుగని పెద్దలకొరకు రెండు మాటలు చెప్పుదుము. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు ఉందురు. బంతిని కాలితోను, తలతోను కొట్టవచ్చును గాని చేతితో ముట్టరాదు. మైదానపు రెండు కొనలయందు రెండేసి గుంజలు పాతి, వాటిపై అడ్డకర్ర ఉంచెదరు. ఈ ద్వారము వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఎదుటివారు బంతిని దానిలోనికి కొట్టినయెడల ఒక గోలు. ఆ ద్వారమునొద్ద నిలుచు గోల్‌కీపరు ఒక్కనికే, తన హద్దులో, చేతులు వాడుటకు సెలవు కలదు. మన చెడుగుడులో కూతకు పోవువాడే పట్టువాడు కూడ అగును గదా! ఇక్కడ అట్లు కాదు. అమెరికాలో ఫుట్‌బాల్ అనియే పిలువబడు వేరొక ఆట కలదు. దానిలోనైతే ముందుకు దూసుకొనిపోవువారు ఒక దండు, అడ్డుకొనువారు మరియొక దండు, వంతులవారీగా మైదానములోనికి దిగుదురు. అడ్డుకొనువారికి కనీసము తోడుగా పదిమంది ఉందురు. మన గోల్‌కీపరు మాత్రము ఒంటివాడు.

తంగరాజ్ 1935 డిసెంబరు 24వ తేదీన, అనగా క్రిస్మసు ముందురోజున, హైదరాబాదు రాష్ట్రములో జన్మించెను. అప్పటికి మన నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలును ఆ నైజాము ఏలుబడిలోనివే గనుక ఆయనను మనవాడని చెప్పుకొనుటలో తప్పులేదు. తంగరాజ్ అనునది తమిళ పేరు. సికిందరాబాదు కంటోన్మెంటు చుట్టుపట్ల అట్టి తమిళ కుటుంబములు చాలా కలవు. ఆ కంటోన్మెంటులోని ఇంగ్లీషు సిపాయిలే ఈ ఆటను మన ప్రాంతమునకు తెచ్చిరి. సిపాయిలు ఆడుచుండగా చుట్టుపట్ల పిల్లలు చూచి నేర్చుకొనిరి. తంగరాజ్ సికిందరాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అను క్లబ్బులలో ఆట మొదలుపెట్టెను.

1953లో ఆయన సైన్యములో చేరెను. వయస్సు ఇంకను పదునెనిమిది నిండలేదు. నీలగిరి కొండలలో వెల్లింగ్టన్ అనుచోట మద్రాసు రెజిమెంటువారి కేంద్రము కలదు. ఆ జట్టులో ఆడుట ప్రారంభించెను. అయితే ఇక్కడ ఒక విశేషము. మొదట ఆయన గోల్‌కీపరు కాడు, ముందు వరుస నడుమ నిలిచి గోలు కొట్టు ఆటగాడు. చప్పట్లన్నియు గోలు కొట్టువానికే గదా! అట్టివానిని వెనుకకు పిలిచి ద్వారమునొద్ద నిలువబెట్టిరి. ఆరడుగులు దాటిన ఆ పొడవు, ఆ చేతులు అక్కడనే ఎక్కువ పనికివచ్చునని తలంచిరి. పదునెనిమిది, పందొమ్మిదేండ్ల పడుచువానికి ఈ మార్పు ఎట్లు తోచియుండునో ఊహించుట కష్టము కాదు. సంఘములో పాట పాడువానిని పిలిచి, ఇకమీదట నీవు వాకిలియొద్ద నిలువుమని చెప్పినట్లుండును. ఆయన నిలిచెను. 1955లో ఆ సైనిక జట్టు డ్యూరాండ్ కప్పును గెలిచెను. ఇది 1888లో సిమ్లాలో మొదలైన, మన దేశములో మిక్కిలి పాతదైన పోటీ. 1958లో మరల ఆ జట్టే దానిని గెలిచెను. 1955లోనే తంగరాజ్‌కు భారతదేశపు జట్టులో స్థానము దొరికెను.

ఆ కాలమున మన జట్టు స్థితి ఎట్టిదో కొంచెము చెప్పవలెను. 1948లో లండను ఒలింపిక్ ఆటలకు పోయిన మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడిరి. 1952లో హెల్సింకీ పట్టణములో చలికి కాళ్లు కొంకర్లు పోవుచుండగా యుగోస్లావియావారి చేతిలో 10 గోళ్లు తిని, ఒక్కటి కొట్టి తిరిగివచ్చిరి. ఆ అవమానము తరువాతనే బూట్లు తప్పనిసరి చేసిరి. ఆ జట్టును మరల మలచిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసి, నగర పోలీసు జట్టును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినదానిగా చేసిన మహానుభావుడు. పంతులు పాఠము చెప్పినట్లే ఆట చెప్పెననియు, కేకలు వేయువాడు కాడనియు ఆయన శిష్యులు పలుమార్లు చెప్పుకొనిరి.

1956 నవంబరు 1వ తేదీన మన జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. సరిగా నెల తిరిగిన దినమున, డిసెంబరు 1న, ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్న్ పట్టణములో రహీమ్ జట్టు ఆ దేశస్థులనే 4–2 గోళ్లతో ఓడించి ఒలింపిక్ సెమీఫైనలు చేరెను. ఆసియా దేశమేదియు అంతకుముందు అంత దూరము పోలేదు. పిమ్మట యుగోస్లావియాతోను, మూడవ స్థానమునకై బల్గేరియాతోను ఓడి నాలుగవవారైరి. హైదరాబాదువారు పలువురున్న ఆ జట్టులో ఇరువదియేండ్ల తంగరాజ్ ఒకడు. లోకములోకెల్ల గొప్ప గోల్‌కీపరని పేరు పొందిన రష్యా దేశస్థుడు లెవ్ యాషిన్ బంగారు పతకము పొందినది ఆ ఆటలలోనే.

1958లో టోకియో నగరమున ఆసియా క్రీడలు జరిగెను. మనకు పతకము రాలేదు, నాలుగవ స్థానమే. అయినను ఆ సంవత్సరము ఆసియాలో ఉత్తమ గోల్‌కీపరుగా తంగరాజ్‌నే ఎంచిరి. 1960లో రోము ఒలింపిక్ ఆటలలో ఆయన మరల ద్వారమునొద్ద నిలిచెను. హంగేరీతో 1–2గా ఓడిరి. ఫ్రాన్సుపై ఒక గోలు ముందంజలో ఉండి, చివరి నిమిషములలో దానిని పోగొట్టుకొని సమానముగా ముగించిరి. పెరూతోను ఓడిరి. పెద్ద దేశములయెదుట తలవంచక నిలిచిన జట్టని అందరును ఒప్పుకొనిరి గాని, పట్టికలో అట్టి మెప్పుకు చోటులేదు. 1960–61లో సంతోష్ ట్రోఫీ పోటీలో సైనికదళముల జట్టుకు తంగరాజ్ నాయకుడై కప్పు గెలిపించెను. గోలు కొట్టువారిని వెదకి నాయకులుగా చేయుట వాడుక; కావలివానిని చేయుట అరుదు.

ఇక 1962 సంగతి. ఇది కొంచెము నిదానముగా చెప్పవలెను.

ఆ యేట ఆసియా క్రీడలు ఇండోనీషియా దేశపు జకార్తాలో జరిగెను. ఆ దేశమువారు ఇశ్రాయేలు, తైవాను ఆటగాండ్రకు ప్రవేశము నిరాకరించిరి. క్రీడా సంఘపు పెద్దలలో ఒకరైన మన దేశస్థుడు జి. డి. సోంధి దానిని ఖండించెను. అంతట జకార్తా ప్రజల కోపమంతయు మనవారిపై మళ్లెను. గుంపులు మన రాయబార కార్యాలయముమీదికి పోయిరి. మన ఆటగాండ్రు వీధిలోనికి వచ్చుటకే వెరచు స్థితి ఏర్పడెను. ఇట్టి నడుమ రహీమ్ జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియాచేత 0–2గా ఓడెను. రహీమ్ అప్పటికే ప్రాణాంతకమైన పుండువ్యాధితో, అనగా క్యాన్సరుతో, లోలోపల కృశించుచుండెను.

అయినను వారు తేరుకొని థాయిలాండును, జపానును గెలిచిరి. థాయిలాండు ఆటలో వెనుకవరుస వీరుడు జర్నయిల్ సింగ్ తల పగిలి కుట్లు పడెను. సెమీఫైనలు వచ్చువేళకు తంగరాజ్ ఫ్లూ జ్వరముతో మంచము పట్టెను. ఆయన స్థానమున బెంగాలువాడగు ప్రద్యుత్ బర్మన్ నిలిచి కావలి కాచెను. దక్షిణ వియత్నాముపై 3–2గా గెలిచి ఫైనలు చేరిరి. ఎదుట నిలిచినది మరల దక్షిణ కొరియాయే.

ఇప్పుడు ద్వారమునొద్ద ఎవరిని నిలుపవలెను? ఒకడు ఆరోగ్యవంతుడు, జట్టును అంతవరకు గెలుపుతో తెచ్చినవాడు. మరియొకడు జ్వరము సరిగా తీరనివాడు, అయితే పొడగరి, రెండు ఒలింపిక్ ఆటలు చూచినవాడు. రహీమ్ తంగరాజ్‌ను ఎన్నుకొనెను. తల కుట్లతోనున్న జర్నయిల్ సింగును వెనుకనుండి తీసి ముందు వరుసలో ఆడించెను. ఈ రెండును సాహసపు పనులే. ఓడియుండినయెడల జనులు రహీమును ఏమి అనియుందురో చెప్పనక్కరలేదు. బర్మన్‌కు ఆ దినము ఎంత కష్టముగా నుండెనో కూడ తలంచవలెను. మా మట్టుకు మేము రహీమ్ తీర్పు సరియైనదనియే తలంచుచున్నాము. అయినను దావీదు దినములలో బెసోరు వాగునొద్ద అలసి సామాను కాచినవారి సంగతి మనకు తెలిసినదే. యుద్ధమునకు పోయినవానికిని, సామానునొద్ద నిలిచినవానికిని దోపుడు సొమ్ములో సమానపాలు ఇయ్యవలెనని దావీదు కట్టడ చేసెను (1 సమూయేలు 30వ అధ్యాయము). ఆ లెక్కను చూచినయెడల జకార్తా బంగారములో బర్మన్ పాలు తంగరాజ్ పాలుకు తక్కువది కాదు.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు జరిగెను. మైదానము చుట్టు లక్షకు చేరువగా జనులు. మనవారు బంతి ముట్టినప్పుడెల్ల ఎగతాళి కేకలు. మనకు చప్పట్లు కొట్టినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రని మన ఆటగాండ్రు పిమ్మట చెప్పుకొనిరి. హాకీ ఫైనలులో మనవారినే ఓడించిన ఆ పొరుగువారు, రెండు దేశముల మధ్య ఎంత ద్వేషమున్నను, ఆ సాయంకాలము మన పక్షమున కూర్చుండిరి. ఈ మాట మాకు ఆటకంటె ఎక్కువగా జ్ఞాపకముండును.

17వ నిమిషమున పి. కె. బెనర్జీ గోలు కొట్టెను. 20వ నిమిషమున జర్నయిల్ సింగ్, ఆ కుట్లు పడిన తలతోనే పోరాడుచు, రెండవది కొట్టెను. తక్కిన కాలమంతయు కావలి కాలమే. ఒక గంటకు పైగా కొరియావారు వచ్చుచునే యుండిరి. జ్వరపు నీరసముతోనున్న మనుష్యుడు 24 అడుగుల వాకిలిని కాచుచునే యుండెను. 85వ నిమిషమున ఒక గోలు పడెను. ఇంక అయిదు నిమిషములు. మరియొకటి పడినయెడల అంతవరకు కాచినదంతయు సమానమైపోవును. పడలేదు. 2–1గా బంగారు పతకము మనకు వచ్చెను. అమ్ముగూడ పల్లెవాడు తులసీదాస్ బలరాం, హైదరాబాదువాడు యూసుఫ్ ఖాన్ ఆ దినమున ఆయనతోకూడ ఆడిరి. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మన దేశమునకు బంగారము మరల రాలేదు. రహీమ్ పంతులు 1963 జూను 11న మరణించెను. తొమ్మిది నెలలే.

తంగరాజ్ సైన్యము విడిచి కలకత్తాలో మొహమ్మదన్ స్పోర్టింగు, మోహన్ బగాను, ఈస్టు బెంగాలు అను మూడు పెద్ద జట్లకును ఆడెను. ఆ జట్ల అభిమానులమధ్య పోరు ఎంతటిదనగా, ఒకదానిని విడిచి మరియొకదానికి పోయినవానిని ద్రోహియని తిట్టుట అక్కడ మామూలు. మూడింటను ఆదరము పొందినవారు కొద్దిమందే. 1964లో ఆసియా కప్పు పోటీలో రెండవ స్థానము పొందిన మన జట్టులోను, 1966లో బ్యాంకాకు ఆసియా క్రీడలలోను ఆయన ఉండెను. 1967లో భారత ప్రభుత్వము అర్జున పురస్కారమిచ్చెను. అప్పటికి ముప్పది దాటెను. కాళ్లతో పరుగెత్తువారు ఆ వయస్సున విరమింతురు. కావలివాడు మరి కొన్నియేండ్లు నిలిచి, 1970 తరువాత కొద్దికాలమునకు ఆట చాలించెను.

పిమ్మట బొకారో ఉక్కు కర్మాగారపు పట్టణములో స్థిరపడి, పడుచువారికి ఆట నేర్పెను. 2008 నవంబరు 24వ తేదీన అక్కడనే కన్ను మూసెను. మరియొక నెల గడచినయెడల, క్రిస్మసు ముందురోజున, ఆయనకు డెబ్బదిమూడేండ్లు నిండియుండును.